గాలి ఎవరి ముఖాన

నేను ఒక గాలి అద్దాన్ని. అద్దమంటే గాజు కాదు, ఒంపు తిరిగిన, అవతలివి కనబడే తెల్లటి ప్లాస్టిక్ పలకని. మోటారు సైకిలు హెడ్‌లైటు పైన నిలబడి, ఎదురుగాలిని చీల్చి, నడిపే మనిషి గుండెకి తగలకుండా పైకి మళ్ళించడం నా పని. షాపులవాళ్ళు నన్ను విండ్‌షీల్డ్ అంటారు. ఈ ఇంటి పెద్దావిడ అప్పలనరసమ్మ మాత్రం వడియాల మూత అంటుంది. ఆ పేరు ఎలా వచ్చిందో చెబుతాను గానీ, ఆ పేరు రావడానికి కారణమైన మనిషి సంగతి ముందు చెప్పాలి. ఎందుకంటే ఆయన ఇప్పుడు నా ఎదురుగానే ఉన్నాడు.

వసారాలో, నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు. గొడవ మొదలై చాలాసేపయింది. "ఈ ఆటో అద్దాన్ని మళ్ళీ ఎవరు బిగించారు?" దగ్గర మొదలై, నా బండి మీద చెయ్యి వెయ్యడానికి మీరెవరన్న మాట దాటి, ఈ ఇంట్లో నా మాటకి విలువుందా లేదా అన్నదాకా వచ్చింది. అనకాపల్లి బెల్లం మార్కెట్టులో ఆడారి వరహాలరావు మాటకి విలువుంది. అక్కడ ఆయన దిమ్మ విరిచి నాలిక్కి రాసుకుని ఒక మాట అంటే రైతు కాదనడు. ఇంట్లో మాత్రం అదే మాటని గట్టిగా అనాల్సి వస్తుంది.

వంటింట్లో ఆయన భార్య నూకరత్నం చిక్కుడుకాయల పీచు తీస్తోంది. కూతురు లిఖిత వసారా మెట్టు మీద కూర్చుని, ఫోన్లో ఏమీ చూడకుండానే ఫోన్ చూస్తోంది. అప్పలనరసమ్మ మంచం మీంచి కొడుకునీ, వంటింటి గుమ్మాన్నీ మార్చి మార్చి చూస్తోంది.

ఎల్లుండి తెల్లవారుజామున లంబసింగి వెళ్ళాలనీ, తనే అందరికంటే ముందు బండి నడపాలనీ, ఇంత పొడుగు పలక తగిలించుకుని వెళితే వెనకాల వచ్చేవాళ్ళంతా నవ్వుతారనీ ఆయన గోల.

"నవ్వితే నవ్వనివ్వండి," అంది నూకరత్నం లోపల్నుంచి. "నిరుడు నన్ను చూసి నవ్వలేదూ?"

 ఇలాంటి మాట తగిలితే ఆయన ఎదుటి మనిషిని వదిలేసి దగ్గరున్న వస్తువు మీద పడతాడు. వేలి కణుపుతో నన్ను టక్కుమని కొట్టాడు. ఉంగరం ఉన్న వేలితో.

కొట్టుకో నాయనా. ఇంకెన్నాళ్ళులే అనుకున్నాను.

నాకు మరిచిపోవడం చేతకాదు. గాజుకి కోపమొస్తే పగిలి చల్లారుతుంది. ఇనుం తుప్పుపట్టి రాలిపోతుంది. నా తీరు వేరు. నాకు గీత పడుతుంది. పడిన గీత పడినట్టే ఉంటుంది, ఎండ తగిలినప్పుడల్లా మెరుస్తుంది. నా ఒంటి మీదున్న ప్రతి గీతా ఎవరి చేతి నుంచి వచ్చిందో నేను చెప్పగలను.

పుట్టినప్పుడు ఒక్క గీత కూడా లేదు. హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. చదునైన పలకగా ఉన్న నన్ను పెద్ద పెట్టెలాంటి పొయ్యిలో వేడిచేశారు. అప్పడాల పిండిలా మెత్తబడ్డాక తీసి చెక్కమూస మీద పరిచారు. నా బరువుకి నేనే జారి, ఒదిగి, ఒంపు తిరిగాను. చల్లారాక ఆ ఒంపు ఇక మారదు. అంచులు నున్నగా సానబట్టి, నాలుగు బెజ్జాలు వేసి, అట్టపెట్టెలో పెట్టారు. నన్ను నీళ్ళు పోసి కడగాలనీ, మెత్తటి నూలుగుడ్డతో అద్దాలనీ, పొడిగా రుద్దకూడదనీ పెట్టె మీదే అచ్చువేశారు. పెట్టె చింపేటప్పుడు మనుషులు పెట్టె మీద ఏముందో చదవరని నాకప్పటికి తెలియదు.

విశాఖపట్నంలో ఒక దుకాణం గోడకి కొంతకాలం వేలాడాను. నా పక్కన నాకంటే పొడుగువాడొకడు, నా కింద అరచేయంత నల్లటివాడొకడు. ఒక సాయంత్రం వరహాలరావు కొత్త టూరింగ్ బండేసుకుని వచ్చాడు. యాభై ఏళ్ళు దాటాక కొనుక్కున్న బండి. పెళ్ళికొడుకు వాచీ చూసుకున్నట్టు నిమిషానికోసారి దాని వంక చూసుకుంటున్నాడు. వెనకే నూకరత్నం దిగింది. చెవులకి చున్నీ చుట్టుకుని ఉంది.

దుకాణదారు ఓపికమంతుడు. నల్లటిది చూపుకే గానీ చలికి పనికిరాదన్నాడు. మన్యం వైపు చలికాలం తిరిగేవాళ్ళకి పొడుగుదే మంచిదన్నాడు. అద్దం అంచు సరిగ్గా నడిపే మనిషి ముక్కు ఎత్తుకి రావాలట. అద్దంలోంచి చూడకూడదు, అద్దం మీదుగా చూడాలి. మంచు పట్టినా చినుకు పడ్డా లోంచి ఏమీ కనబడదు. అంచు అంతకంటే కిందికుంటే, చీలి పైకి లేచిన గాలి గుండెని వదిలేసి ముఖాన్ని పట్టుకుంటుంది. ఇంత చెప్పి, అమ్మగారిని కూడా వెనక ఎక్కించండి, ఇద్దరూ కూర్చుంటే బండి కుంగుతుంది, గాలి ఆవిడకెక్కడ తగులుతుందో కూడా చూద్దాం అన్నాడు.

నూకరత్నం ఎక్కడానికి ఒక అడుగు ముందుకేసింది కూడా.

"దానికెందుకయ్యా?" అన్నాడు వరహాలరావు. "ముందు నా వీపుంది కదా, దానికి గాలేంటి?"

ఆమె వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.  వరహాలరావు ఒక్కడే బండెక్కి కూర్చుని అన్నీ పెట్టించి చూసుకున్నాడు. పొడుగువాడు ఆయన ముక్కుకి అచ్చంగా సరిపోయాడు. కానీ అంతెత్తు అద్దం వెనక దాక్కుంటే బండి మీదున్నది ఎవరో ఊళ్ళోవాళ్ళకి తెలిసేదెలా? అందుకని నన్ను ఎంచుకున్నాడు. నా అంచు ఆయన గొంతుముడి దగ్గరికి వస్తుంది. ముఖం మొత్తం జనానికి కనబడుతుంది. గాలికీ కనబడుతుందని ఆయనకి తట్టలేదు.

ఆ వారమే ఇద్దరూ కలిసి బయల్దేరితే, తాళ్ళపాలెం దాటేసరికి తట్టింది. నేను పైకి పంపిన గాలి తిన్నగా పోయి ఆయన హెల్మెట్టుని డప్పులా వాయించింది. ఆయన భుజాల రెండు పక్కల నుంచీ వెనక్కి తిరిగి నూకరత్నం చెవుల్లో దూరింది. ఆమె రెండుసార్లు భుజం తట్టి చెప్పింది. చెవుల్లో దూది పెట్టుకోమన్నాడు. ఇంటికొచ్చాక కోపమంతా నా మీద చూపించి, కొట్లో బెల్లం దిమ్మలు కప్పే గోనెగుడ్డ తెచ్చి, దుమ్ముతో సహా బరబరా రుద్దాడు. నా మొదటి గీతలవి. తీపి వాసనేసే గీతలు. ఆ పూట చీమలు కూడా పట్టాయి.

అయినా నన్ను పీకించింది ఆ గాలి కాదు, నవ్వు.

ఆయనకి ఒక బైకుల క్లబ్బు ఉంది. బట్టలకొట్టు యజమాని, కాంట్రాక్టరు, రిటైరైన ఇంజనీరు, ఇలా అందరూ ఆ వయసు పెద్దమనుషులే. ఆదివారం పొద్దున్నే మోకాళ్ళకి కట్లు, చేతులకి తొడుగులు వేసుకుని యుద్ధానికి వెళుతున్నట్టు బయల్దేరి, పాతిక కిలోమీటర్ల అవతల ఇడ్లీ తిని వస్తారు. బట్టలకొట్టు శేషగిరి నన్ను చూడగానే ఆగాడు. "ఏం వరహాలూ, ఆటో కొన్నావా? చోడవరానికి మనిషికెంత తీసుకుంటున్నావు?" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. వరహాలరావు కూడా నవ్వాడు. ఆ సాయంత్రమే నా నాలుగు మరలూ ఊడదీసి, నా చోట ఆ అరచేయంత నల్లవాడిని తెచ్చి పెట్టాడు.

నేను డాబా ఎక్కాను. అప్పలనరసమ్మ గుమ్మడి వడియాల మీద, చల్ల మిరపకాయల మీద నన్ను బోర్లించి కాకులు రాకుండా కాపలా పెట్టింది. గాలి నుంచి మనిషిని కాయడానికి పుట్టినవాడిని కాకి నుంచి వడియాన్ని కాస్తున్నాను. కాకులు నా వీపెక్కి కూర్చుని ఏం చెయ్యాలో అది చేసి పోయేవి. వడియాలు మాత్రం ఆ ఏడు బాగా ఎండాయని పెద్దావిడ నలుగురికీ చెప్పుకుంది. ఆ ఇంట్లో నన్ను మెచ్చుకున్న మొదటి మనిషి ఆవిడే కాబట్టి ఆవిడ మీద నాకు పగ లేదు.

నిరుడు డిసెంబరులో క్లబ్బువాళ్ళు జంటల ప్రయాణం పెట్టారు. భార్యాభర్తలు కలిసి లంబసింగి ఘాటీ ఎక్కి, పైన మంటలేసుకుని, బొంగు చికెన్ తిని, మర్నాడు దిగాలి. వరహాలరావు దళసరి జాకెట్టు, ముఖమంతా మూసే హెల్మెట్టు, తోలు తొడుగులు వేసుకున్నాడు. నూకరత్నానికి నెత్తిన మాత్రమే నిలబడే టోపీలాంటి హెల్మెట్టు ఇచ్చాడు. వెనక కూర్చునేవాళ్ళకి ఇది చాలన్నాడు. మీద అత్తగారి శాలువా. తెల్లవారకముందే వాళ్ళు వీధి మలుపు తిరగడం డాబా మీంచి చూశాను. ముందున్న నల్లవాడు ఆయన బొడ్డుని తప్ప మరి దేన్నీ కాయడని నాకు తెలుసు. ఆ శాలువా కొస గాలికి జెండాలా లేచింది.

వచ్చిన మూడోనాడు పొద్దున నూకరత్నం కాఫీ తాగుతుంటే ఎడమ పెదవి కొస నుంచి కాఫీ కారిపోయింది. తుడుచుకుంది. మళ్ళీ కారింది. ముందు చూసింది అప్పలనరసమ్మే. "ఏటమ్మా, నీ ముకం ఒకేపుకి ఎళ్ళిపోతంది?" అని గావుకేక పెట్టింది. ముఖంలో ఎడమ సగం జారిపోయింది. ఎడమ కన్ను మూతపడటం మానేసింది.

ముఖం నరం వాచిందన్నాడు డాక్టరు. చలిగాలి వల్లేనా అంటే, కావచ్చు, కాకపోవచ్చు, ఇదీ కారణమని చెప్పలేం, ఓపిక పట్టండి, మెల్లగా సర్దుకుంటుంది అన్నాడు. డాక్టరు మాట డాక్టరుది. ఘాటీ రోడ్డు మీద ఎవరి ముఖం ఎంతసేపు గాలిలో ఉందో ఇంట్లోవాళ్ళకి తెలుసు. అప్పలనరసమ్మ రోజూ కోడలి కంటి మీద దూది పెట్టి, రెప్ప దించి, ప్లాస్టరు అతికించేది. చిన్నపిల్లకి పెట్టినట్టు గంజి చెంచాతో పట్టించేది. నూకరత్నం అంగన్‌వాడీ సూపర్‌వైజరు. రోజూ నలుగురితో మాట్లాడాల్సిన ఉద్యోగం. నోటికి కొంగడ్డం పెట్టుకునే ఊళ్ళు తిరిగింది.

ఆ రోజుల్లోనే క్లబ్బువాళ్ళు మా డాబా మీద ఒక సాయంత్రం కూర్చున్నారు. నేను ఓ మూల మిరపకాయల మీద ఉన్నాను. శేషగిరి, చెల్లెమ్మకెలా ఉందని మర్యాదకి అడిగాడు. దానికి వరహాలరావు అన్నమాట ఇది.

"ఇదివరకు నేనేదన్నా అంటే మూతి తిప్పేది. ఇప్పుడా శ్రమ లేదు బావా, ఎప్పుడూ తిప్పే ఉంటోంది."

అందరూ నవ్వారు. అప్పుడే నూకరత్నం మిరపకాయ బజ్జీల పళ్ళెంతో మెట్లెక్కి వచ్చింది. విన్నది. వచ్చినవాళ్ళు నవ్వుతున్నారు, ఇంటి ఇల్లాలు ముఖం ముడుచుకుంటే బాగుండదు కాబట్టి తనూ నవ్వబోయింది. సగం ముఖమే నవ్వింది. రెండో సగం అలాగే వేలాడుతూ ఉండిపోయింది. నవ్వుతున్నవాళ్ళు తలలు దించుకున్నారు. ఆయన మాత్రం బజ్జీ కోసం చెయ్యి చాపాడు.

ఆమె పళ్ళెం కింద పెట్టి, మెట్లన్నీ నెమ్మదిగా దిగి వెళ్ళింది. నా ఒంటి మీద గీతలు అప్పటిదాకా నావే. ఆ సాయంత్రం నుంచి ఆమెవి కూడా నేనే మొయ్యడం మొదలుపెట్టాను. ఒకసారి, ఒక్కసారి ఈ మనిషి ముఖం గాలికి దొరకాలి అనుకున్నాను. అద్దానికి కాళ్ళూ చేతులూ ఉండవు కాబట్టి అంతకంటే ఏం అనుకోగలను?

వేసవి నాటికి ముఖం సర్దుకుంది. అలిసిపోయినప్పుడు ఎడమ కన్ను నీరు కారడం ఒక్కటీ మిగిలింది. మళ్ళీ చలి వచ్చింది, మళ్ళీ జంటల ప్రయాణం వచ్చింది. ఈసారి క్లబ్బుకి వరహాలరావే ప్రెసిడెంటు. భార్యని అడక్కుండానే ఇద్దరి పేర్లూ ఇచ్చేశాడు. నేను రానంది ఆమె. ప్రెసిడెంటు పెళ్ళాం లేకుండా వెళితే నా పరువేం కావాలన్నాడు. పోనీ అద్దం పెద్దది వేయించండి, నాకూ ముఖం మూసే హెల్మెట్టు కొనండి అంది. వెనక కూర్చునేదానికి ఇన్ని హంగులెందుకు, మంకీ క్యాప్ వేసుకుంటే సరిపోతుంది అన్నాడు. సరేనంది. వస్తానని మాత్రం అనలేదు. ఆ సరే ఎంత మెత్తగా వచ్చిందంటే, ఆయన కాస్త తెలివైనవాడైతే అప్పుడే భయపడాల్సింది.

పోయిన ఆదివారం ఆయన స్నేహితుడి కారులో పెళ్ళికి పోయాడు. నూకరత్నం డాబా ఎక్కి నన్ను చంకన పెట్టుకుని దిగింది. పెరట్లో పీట మీద పెట్టి ముందు చెంబుతో నీళ్ళు ధారగా పోసింది. దుమ్మంతా తనంతట తను జారిపోయేదాకా చెయ్యి వెయ్యలేదు. తర్వాత సబ్బునీళ్ళు, తర్వాత మెత్తబడిన పాత నూలుచీర ముక్క. రుద్దలేదు, అద్దింది. పెట్టె మీద రాసింది ఆ చేతికి చదవకుండానే తెలుసు.

ఎలా తెలుసని లిఖితే అడిగింది. అప్పుడు చెప్పింది నూకరత్నం. పెళ్ళికి ముందు తన మొదటి ఉద్యోగం చింతపల్లి వైపు. తండ్రి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఆయన పాత రాజ్‌దూత్ మీద గేర్లు నేర్పి, లైసెన్సు ఇప్పించి, బండి చేతికిచ్చి పంపాడు. మంచు కురిసే పొద్దుల్లో ఆ కొండదారుల్లో గూడేలు తిరిగేది. స్వెట్టరు లోపల గుండెకడ్డంగా న్యూస్‌పేపరు మడతలు పెట్టుకునేది. హెడ్‌లైటు పైన గాలికి అడ్డంగా, పనికిరాని ఎక్స్‌రే ఫిల్ములు రెండు తీగతో కట్టుకునేది. ఎవరివో పక్కటెముకల మీదుగా దారి చూసుకుంటూ వెళ్ళేదాన్నే అని నవ్వింది. ఆ ఫిల్ము మీద గీత పడితే మరి దొరకదు కాబట్టి నీళ్ళు పోసి కడగడం అలవాటు.

"మరెందుకు మానేశావమ్మా?" అంది లిఖిత.

నూకరత్నం చీర ముక్కని గట్టిగా పిండింది. గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి వలుస్తున్న అప్పలనరసమ్మ తల ఎత్తకుండా అంది. "నానే వద్దన్నానే. కోడలు బండి తోల్తే నా కొడుకు ఎనక కూకోవాలా, నలుగురూ ఏటనుకుంటారు అన్నాను." ఇంకో రెబ్బ వలిచి, "అన్నాను," అంది మళ్ళీ.

నల్లవాడిని ఊడదీసి నన్ను బిగించారు. ఆ తర్వాత జరిగింది నా జన్మలో నేనెప్పుడూ చూడలేదు. హాల్లో ఉన్న నిలువు ఫ్యాను తెచ్చి వసారాలో నా ఎదురుగా పెట్టి, పూర్తి జోరుమీద వేశారు. నూకరత్నం బండెక్కి ముందు సీటులో కూర్చుంది. నా అంచు ఆమె ముక్కు కొస దగ్గర ఆగింది. దారం పట్టి కొలిచినట్టు సరిపోయింది. వరహాలరావు తన గొంతు ఎత్తుకి కొనుక్కున్న నేను ఎవరి ముక్కు కోసం పుట్టానో అప్పుడు తెలిసింది.

లిఖితని వెనక కూర్చోమంది. అది చాలదు, మీ నాన్న ఇంకా ఎత్తు కదా అని, పీట తెచ్చి సీటు మీద వేసి దాని మీద కూర్చోబెట్టింది. అప్పలనరసమ్మ దేవుడి గదిలోంచి అగరుబత్తీలు తెచ్చింది. ఎవరూ అడగలేదు, తనే తెచ్చింది. వెలిగించి ఫ్యానుకీ నాకూ మధ్య పట్టుకుంది.

పొగ నా మీద పడి, ఒంపు వెంట పాకి, అంచు దాటి లేచింది. నూకరత్నం తల మీదుగా, జుట్టు కూడా కదలకుండా వెళ్ళిపోయింది. వెళ్ళి, వంగి, వెనక పీట మీదున్న లిఖిత ముఖాన పడింది. పిల్ల ఉక్కిరిబిక్కిరై దగ్గింది. కళ్ళు నులుముకుంటూ, "అమ్మా, నాన్న కూర్చుంటే మొత్తం ముఖం మీదికే," అంది. అని, తను ఏమందో అప్పుడే అర్థమైనట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చాలు, దిగు," అంది నూకరత్నం. ఫ్యాను కట్టేసింది. బండి మాత్రం దిగలేదు. స్టార్టు చేసి, లిఖితని ఎక్కించుకుని కశింకోట దాకా వెళ్ళొచ్చింది. మొదటి మలుపులో ఒకసారి కాలు ఆనించింది. రెండో మలుపులో ఆనించలేదు. తిరిగొచ్చేటప్పుడు రోడ్డు ఖాళీగా ఉంటే పాత రాజ్‌దూత్ గుర్తొచ్చినట్టు కాస్త వేగం పెంచింది. నేను గాలిని చీల్చాను. నిండా ఏడాది తర్వాత, ఒక మనిషి గుండెని కాశాను. ఎండలో నా గోనె గీతలు మెరిశాయి. వాటి మీదుగా ఆమె నేరుగా రోడ్డుని చూసింది.

అప్పుడు ఊడదీయకుండా నన్ను అలాగే ఉంచారు. బండి మీద గుడ్డ కప్పి ఉండటంతో వరహాలరావు వారమంతా చూడలేదు. ఇవాళ ప్రయాణానికి తుడుద్దామని గుడ్డ తీశాడు. ఈ గొడవంతా అప్పట్నుంచే.

స్క్రూడ్రైవరు కోసం ఇల్లంతా వెతికాడు. దొరకలేదు. రాత్రి భోజనాలయ్యాక ఇస్తానంది నూకరత్నం. చేసేది లేక వచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. వసారా కిటికీలోంచి నాకు ఆ బల్ల, నలుగురి ముఖాలూ కనబడుతున్నాయి. చిక్కుడుకాయ కూర, చారు, నేను కాపలా కాసిన వడియాలు. ఆమె అందరికీ వడ్డించి, తనూ కూర్చుని, మొదటి ముద్ద తిన్నాక అంది.

"ఎల్లుండి లంబసింగికి నేనూ వస్తున్నాను."

వరహాలరావు ముఖం విప్పారింది. ఆ మాట ముందే అంటే ఇంత రాద్ధాంతం ఎందుకు, అని ఇంకో వడియం తీసుకున్నాడు.

"బండి నేను నడుపుతాను," అంది. "మీరు వెనక కూర్చోండి."

గొంతు పెంచలేదు. మజ్జిగ కావాలా అని అడిగినట్టే అంది. వడియం ఆయన నోటి దాకా వెళ్ళి ఆగింది. ముందు నవ్వాడు. ఎవరూ కలవకపోయేసరికి ఆ నవ్వు ఎక్కడ ఆపాలో తెలియక ఆపేశాడు. నువ్వా, ఆ బండా అన్నాడు. లైసెన్సు పెళ్ళికి ముందునుంచీ ఉందనీ, మొన్న కశింకోట దాకా వెళ్ళొచ్చాననీ చెప్పింది. కూతురి వంక చూశాడు. లిఖిత చారు కలుపుకుంటూ, "నేను వెనకున్నాను నాన్నా. నీకంటే మెల్లగా బ్రేకు వేస్తుంది," అంది. తల్లి వంక చూశాడు. తల్లి కంచంలోకి చూసుకుంది.

"క్లబ్బువాళ్ళేమంటారే?"

"జంటలుగా రమ్మన్నారు. ఎవరు ముందు కూర్చోవాలో చెప్పలేదు కదా. శేషగిరి గారి ఆవిడకి ఫోన్ చేసి చెప్పేశాను. ఆవిడ మిగతా ఆడవాళ్ళందరికీ చెప్పింది. మీకు ఇష్టం లేకపోతే ఒక్కరే వెళ్ళండి, నేను అడ్డు చెప్పను."

జంటల ప్రయాణానికి ఒంటరిగా వెళ్ళే ప్రెసిడెంటు ఎలా ఉంటాడో ఆయన కళ్ళ ముందు ఆడింది. నాకు కిటికీలోంచి కూడా కనబడింది.

"మీ హెల్మెట్టు మీకు బిగుతని అంటుంటారుగా. నాకు సరిగ్గా సరిపోయింది," అంది ఆమె చారు పోస్తూ. "నాది మీరు పెట్టుకోండి. పట్టీ వదులు చేసి ఉంచాను. వెనక కూర్చునేవాళ్ళకి అది చాలు."

మా ఇద్దరి పగా ఒకటి కాదు. నాది గోనెగుడ్డది, కాకులది. ఆమెది ఆ బజ్జీల సాయంత్రానిది. కానీ ఘాటీ రోడ్డు ఒక్కటే, గాలి ఒక్కటే. నేను చెయ్యాల్సింది కొత్తగా ఏమీ లేదు. నిటారుగా నిలబడి నా పని నేను చెయ్యడమే. గాలిని లేపుతాను. ఆ తర్వాత అది ఎవరి ముఖాన పడుతుందో ఫ్యానుకీ, అగరుబత్తికీ, ముగ్గురు ఆడవాళ్ళకీ తెలుసు.

అప్పలనరసమ్మ లేచింది. తన గదిలోకి వెళ్ళి, బీరువా తలుపు కిర్రుమనిపించి, మంకీ క్యాపూ, కాస్త దూదీ తెచ్చింది. తెచ్చి కొడుకు కంచం పక్కన పెట్టింది.

"సెవుల్లో ఎట్టుకో నాయనా," అంది. "ఎనక కూకున్నోళ్ళకి గాలెక్కువ."

వరహాలరావు దూది వంక చూశాడు, కిటికీలోంచి నా వంక చూశాడు, చివరికి భార్య వంక చూశాడు. ఘాటీలో చలి ఎలా ఉంటుందో తెలుసునా అన్నట్టు ఏదో మొదలుపెట్టి, మానేసి కంచం ముందుకి జరిపాడు.

నూకరత్నం ఆయన కంచంలో మజ్జిగ పోసింది. ఈసారి ముఖం మొత్తం నవ్వింది.

"ముందు నా వీపుంది కదండీ," అంది. "మీకు గాలేంటి?"

వసారాలో నా అంచు మీద మంచు అప్పుడే పట్టడం మొదలైంది.